లేచి వెళ్ళగలదా, పేరు పెట్టి పిలుస్తామా: జపనీస్ ఇరు–అరు, ఇంగ్లీష్ హూ–విచ్ తేల్చుకోవడం ఎలా

జపనీస్ మొదలుపెట్టిన కొత్తలోనే అందరికీ ఒక రూల్ చెప్పేస్తారు, 'ఉంది' అని చెప్పడానికి ప్రాణం ఉంటే ఇరు, ప్రాణం లేకపోతే అరు అని. ఇంగ్లీష్‌లో ఏమో మనుషులకి హూ, మిగతావాటికి విచ్ అంటారు. ఈ రెండు రూల్సూ మొదటి పది ఉదాహరణల దాకా బానే పనిచేస్తాయి, ఆ తర్వాత కొబ్బరిచెట్టు దగ్గరో, గుడ్డు దగ్గరో, గుళ్ళో విగ్రహం దగ్గరో ఆగిపోతాయి. కొబ్బరిచెట్టుకి ప్రాణం ఉంది కదండీ, మరి దానికి జపనీస్‌లో అరు ఎందుకు వాడతారు? ఇంట్లో కుక్కకి ఇంగ్లీష్‌లో హూ వాడొచ్చా వాడకూడదా? ఇలాంటి డౌట్లు రాకుండా ఉండాలంటే ప్రాణం అన్న మాట పక్కన పెట్టేసి ఒక్కో భాషకి ఒక్కో ప్రశ్న గుర్తుపెట్టుకోవాలి.

జపనీస్‌కి ప్రశ్న: ఇది ఇప్పుడు తనంతట తాను లేచి వెళ్ళగలదా?
ఇంగ్లీష్‌కి ప్రశ్న: దీన్ని నేను ఒక మనిషిలా, పేరు పెట్టి పిలిచేంత దగ్గరగా చూస్తున్నానా?

అమలాపురం, భీమవరం, కాకినాడ వైపు ఇప్పుడు చాలామంది పిల్లలు జపాన్ ఉద్యోగాల కోసం ఎన్ 4 అనే జపనీస్ భాషా పరీక్షకి చదువుతున్నారు. జపాన్ వాళ్ళు 2019 ఏప్రిల్‌లో స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మొదలుపెట్టారు, అందులో ముసలివాళ్ళని చూసుకునే పని, వ్యవసాయం, ఫుడ్ ప్రాసెసింగ్ లాంటివి ఉన్నాయి, దానికి ఎన్ 4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో భాషా పరీక్ష గానీ పాస్ అవ్వాలి. కేర్ హోమ్‌లో పనికి వెళ్ళిన అమ్మాయి 'తనక గారు గదిలో ఉన్నారు' అని చెప్పాల్సిన చోట అరిమస్ (అరుకి మర్యాద రూపం) అనేస్తే, ఆ పెద్దాయన్ని గదిలో ఉన్న ఒక సామానుగా చెప్పినట్టు అవుతుంది. ఎవరూ తిట్టరేమో గానీ వినే వాళ్ళకి చివుక్కుమంటుంది. అందుకే దీన్ని ఒక మార్కు ప్రశ్నలా చూడకండి, బాగా పట్టుకోండి.

ముందు మన తెలుగు ఏం చేస్తుందో చూద్దాం

మనకి ఈ గొడవ కొత్తది కాదు, రోజూ చేస్తూనే ఉన్నాం, ఆలోచించట్లేదు అంతే. 'అన్నయ్య వచ్చాడు', 'చెల్లి వచ్చింది', 'గేదె వచ్చింది', 'బస్సు వచ్చింది' అంటాం, అంటే ఏకవచనంలో మగవాళ్ళని ఒకవైపు పెట్టి ఆడవాళ్ళు, జంతువులు, వస్తువులు అన్నిటినీ ఇంకోవైపు పెడుతున్నాం. వ్యాకరణంలో దీన్నే మహత్తు, అమహత్తు అంటారు. బహువచనంలోకి వెళ్ళగానే గీత జరిగిపోతుంది, 'చెల్లెళ్ళు వచ్చారు' అంటాం, 'గేదెలు వచ్చాయి' అంటాం, ఇక్కడ మనుషులందరూ ఒకవైపు, మిగతావన్నీ ఒకవైపు. లెక్కపెట్టేటప్పుడు కూడా అంతే, ఇద్దరు పిల్లలు, రెండు గేదెలు. ఎంతమంది వచ్చారు, ఎన్ని వచ్చాయి. ఇంకోటి చూడండి, 'కొబ్బరికాయ కొట్టాడు' అంటే సరిపోతుంది, 'తమ్ముడు కొట్టాడు' అంటే మాత్రం అర్థమే మారిపోతుంది, 'తమ్ముణ్ణి కొట్టాడు' అనాల్సిందే. మనిషికి ఆ 'ని' తప్పనిసరి, వస్తువుకి అక్కర్లేదు, మధ్యలో గేదె ఉంది, 'గేదె కొన్నాడు' అన్నా 'గేదెని కొన్నాడు' అన్నా నడుస్తుంది.

అంటే ప్రాణం ఉంది, ప్రాణం లేదు అని రెండే గదులు ఉండవు, ఒక వరస ఉంటుంది. నేను, నువ్వు, తెలిసిన మనిషి, తెలియని మనిషి, జంతువు, వస్తువు. 1976లో మైకేల్ సిల్వర్‌స్టీన్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త చాలా భాషల్ని పక్కపక్కన పెట్టి దాదాపు ఇలాంటి వరసే చూపించాడు, ప్రతి భాషా ఈ వరసలో ఎక్కడో ఒక చోట గీత గీస్తుంది, ఆ చోటు మాత్రం భాషని బట్టి మారుతుంది. కాబట్టి తెలుగు గీత ఎక్కడుందో తెలిసినవాడికి జపనీస్ గీత వెతుక్కోవడం తేలిక.

జపనీస్: చేపల మార్కెట్‌కి వెళ్ళి నేర్చుకోండి

ఇరు, అరు రెండిటికీ తెలుగులో 'ఉండు' అనే అర్థం, మర్యాదగా అంటే ఇమస్, అరిమస్. ఇరు అన్న మాటకి పాత జపనీస్‌లో కూర్చోవడం అనే అర్థం ఉండేది. కూర్చున్నది ఎప్పుడో ఒకప్పుడు లేచి వెళ్తుంది, అలా గుర్తుపెట్టుకుంటే నా ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది.

ఇప్పుడు వరద రోజుల్లో యానాం మార్కెట్‌కి వెళ్ళారనుకోండి. ఒక పక్క టబ్బులో నీళ్ళు పోసి కొరమేనుల్ని బతికుండగానే పెట్టి అమ్ముతుంటారు, తోకతో కొట్టుకుంటూ ఉంటాయి, మూత తీస్తే బయటికి దూకేస్తాయి కూడా. దాన్ని చూపించి జపనీస్‌లో చెప్పాలంటే 'సకన గ ఇమస్', చేప ఉంది, లేచి వెళ్ళగల చేప. ఇంకో పక్క పీట మీద పులస. పులస నీళ్ళలోంచి తీసిన కాసేపటికే చచ్చిపోతుంది కాబట్టి మార్కెట్‌లో మీకు కనపడే పులస ఎప్పుడూ పీట మీదే ఉంటుంది, వెండి రంగులో మెరుస్తూ, ఎంత రేటు పలికినా సరే దానికి 'సకన గ అరిమస్' అనే అనాలి. రెండూ చేపలే, పదం కూడా ఒకటే, సకన. మారింది చేప కులం కాదు, దాని అప్పటి పరిస్థితి. అదే పులస ఎదురీదుకుంటూ గోదాట్లోకి వస్తున్నప్పుడు మాట్లాడితే మళ్ళీ ఇమస్.

ఈ ఒక్క మార్కెట్ సీన్ బుర్రలో పెట్టుకుంటే మిగతావి వాటంతట అవే తేలతాయి. చెరువులో వనామీ రొయ్యలు ఇమస్, ఐస్ బాక్సులో రొయ్యలు అరిమస్. పెట్ట ఇమస్, పెట్ట కింద గుడ్లు అరిమస్, ఆ గుడ్డు పొదిగేదైనా సరే, పిల్ల బయటికి వచ్చిన క్షణం నుంచి ఇమస్. కడియం నర్సరీలకి వెళ్తే కంటికి ఆనినంత దూరం మొక్కలే, అన్నీ బతికే ఉన్నాయి, అన్నీ పెరుగుతున్నాయి, అయినా అన్నీ అరిమస్. మొక్క పెరుగుతుంది గానీ లేచి వెళ్ళదు. 'కి గ అరిమస్' అంటే చెట్టు ఉంది అని. గోదావరి పారుతుంది కదా, కదులుతుంది కదా అంటారేమో, నది పల్లం ఎటుంటే అటు పోతుంది, తన ఇష్టంతో కాదు, అందుకని నదికీ అరిమస్సే.

మనిషి విషయంలో మాత్రం లేచే ఓపిక ఉందా లేదా అని చూడకండి. నిద్రపోతున్నా, మంచం పట్టినా, స్పృహ లేకపోయినా మనిషి ఎప్పుడూ ఇమస్. శవం అన్న మాట వాడితే మాత్రం అరిమస్, మనం కూడా 'శవం ఉంది' అంటాం గానీ 'శవం ఉన్నాడు' అనం కదా, అలాగే.

దేవుడి సంగతి ఇంకా బావుంటుంది. అంతర్వేది గుళ్ళో ఏముంది అంటే 'విగ్రహం ఉంది' అంటాం, ఎవరున్నారు అంటే 'నరసింహస్వామి ఉన్నాడు' అంటాం. ఎదురుగా కనిపించేది ఒకటే అయినా రెండు రకాలుగా చెప్తున్నాం. జపనీస్ వాళ్ళూ ఇంతే, బుద్ధుడి విగ్రహం అన్నప్పుడు 'బుత్సుజో గ అరిమస్', దేవుడు అన్నప్పుడు 'కమిసమ గ ఇమస్'. రోడ్డు పక్కన చిన్న రాతి బొమ్మల్లా ఉండే జిజో దేవుణ్ణి ఆప్యాయంగా 'ఒజిజోసన్ గ ఇరు' అనే వాళ్ళు కూడా ఉన్నారు. దెయ్యానికి కూడా ఇరునే, అది తిరుగుతుంది కాబట్టి.

ఇప్పుడు అసలు చిక్కుముళ్ళు. రోడ్డు పక్కన ఖాళీగా పార్క్ చేసిన టాక్సీ అరిమస్. డ్రైవర్ లోపల కూర్చుని గిరాకీ కోసం చూస్తుంటే, చెయ్యెత్తితే వచ్చేలా ఉంటే, అదే టాక్సీకి జపనీస్ వాళ్ళు ఇరు అనడం మామూలే. బస్సుకీ ఇలాగే వినిపిస్తుంది. రావులపాలెం సెంటర్‌లో ఆటోల వరస మీద ప్రాక్టీస్ చేసుకోవచ్చు దీన్ని, డ్రైవర్ ఉన్న ఆటో ఇరు, తాళం వేసి టీకి వెళ్ళిపోతే అరు. తుఫాను కూడా అంతే, వాతావరణ బులెటిన్ భాషలో అరు రూపం వాడతారు గానీ మామూలు మాటల్లో 'తుఫాను ఇప్పుడు ఫలానా చోట ఉంది' అనేటప్పుడు ఇరు అనేవాళ్ళు ఉన్నారు, దానంతట అది వస్తున్నట్టు కనిపిస్తుంది కాబట్టి. రోబోలకి రెండూ వింటాం, మాట్లాడే వాడు దాన్ని ఎలా చూస్తున్నాడో దాన్ని బట్టి. ఎగ్జామ్‌లో మాత్రం వాహనాలకి, బొమ్మలకి, యంత్రాలకి అరు రాసేయండి, అక్కడ ప్రయోగాలు వద్దు.

ఒక తిరకాసు ముందే చెప్తున్నా, చాలామంది ఇక్కడ పడతారు. 'హన గ సైతె ఇమస్' అంటే పూలు పూసి ఉన్నాయి అని, 'మదొ గ ఐతె ఇమస్' అంటే కిటికీ తెరిచి ఉంది అని. పువ్వుకీ కిటికీకీ ఇమస్ ఎలా వచ్చిందండీ అని అడుగుతారు. ఇక్కడ ఇమస్ అనేది విడి క్రియ కాదు, ముందున్న క్రియకి తగిలించిన తోక, మనం 'పూసి ఉన్నాయి'లో ఉన్నాయి తగిలించినట్టు. ముందు 'తె' ఉంటే లేచి వెళ్ళగలదా అన్న ప్రశ్న అసలు వేసుకోవద్దు.

ఇంకో మాట, పాత కథల పుస్తకాల్లో 'ఒక ఊళ్ళో ఒక తాతా అవ్వా ఉండేవాళ్ళు' అన్నచోట అరిమషిత (అరిమస్‌కి భూతకాలం) అని కనపడితే కంగారుపడకండి, అది పాత వాడుక. నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు అనేదాన్ని కూడా పెద్దవాళ్ళు కొందరు అరు పెట్టి అంటారు. మీరు మాత్రం 'కొదొమొ గ ఫుతరి ఇమస్' అనండి, ఎవరూ వంక పెట్టరు.

మర్యాద సంగతి కొంచెం చెప్పి వదిలేస్తా. ఎదుటివాళ్ళ గురించి గౌరవంగా చెప్పాలంటే ఇమస్ బదులు ఇరష్షైమస్, 'టీచర్ గారు ఉన్నారండి' లాగ. కానీ సొంత వాళ్ళ గురించి బయటివాళ్ళతో చెప్పేటప్పుడు ఒరిమస్ అని తగ్గించి చెప్పాలి. మన గోదారి జిల్లాల్లో 'మా నాన్నగారు ఇంట్లో ఉన్నారండీ' అని సొంత నాన్నకి కూడా గారు పెట్టి చెప్తాం, జపాన్‌లో బయటివాళ్ళ ముందు అలా సొంతవాళ్ళని ఎత్తకూడదు. మనకి ఇది ఒంటికి పట్టడానికి టైం పడుతుంది, ఫర్వాలేదు.

లెక్కపెట్టడం

ఇక్కడ ఇంగ్లీష్ వాళ్ళ కంటే మనకి అడ్వాంటేజ్ ఉంది. వాళ్ళకి టూ బాయ్స్, టూ కౌస్, టూ బుక్స్, అన్నీ టూనే. మనకి ఒకరు, ఇద్దరు, ముగ్గురు అని మనుషులకి వేరే లెక్క ఉంది, ఎక్కువైతే పదిమంది, ఇరవైమంది అని 'మంది' తగిలిస్తాం. జపనీస్‌లో హితొరి, ఫుతరి అని మొదటి రెండూ విడిగా ఉంటాయి, మూడు నుంచి సన్నిన్, యొనిన్, గొనిన్ అని 'నిన్' తగులుతుంది. ఆ నిన్ అచ్చం మన మంది లాంటిదే. ఎంతమంది అంటే నన్నిన్.

మనుషుల్ని దాటాక మనం ఆగిపోతాం, వాళ్ళు ఆగరు. కుక్క, పిల్లి, చేప, రొయ్య, దోమ లాంటి చిన్నవాటికి 'హికి', ఇప్పికి, నిహికి, సన్‌బికి, యొన్‌హికి అని ముందున్న అంకెని బట్టి శబ్దం మారుతుంది, ఆరుకి రొప్పికి, ఎనిమిదికి హప్పికి, పదికి జుప్పికి. గేదె, గుర్రం, ఏనుగు లాంటి పెద్దవాటికి 'తో', ఇత్తో, నితో, సన్తో. పక్షులకి 'వ', ఇచివ, నివ. సంక్రాంతికి భీమవరం వైపు బరిలో దిగే రెండు పుంజులు అంటే నివ, ప్రభల తీర్థంలో కనిపించే రెండు ఎడ్లు అంటే నితో. కుందేళ్ళకి కూడా పక్షుల లెక్కే వాడే అలవాటు ఉంది, ఇప్పుడు హికి కూడా వాడుతున్నారు.

మళ్ళీ మార్కెట్ విషయానికొస్తే, బతికున్న పీతని హికితో లెక్కపెట్టి, అమ్మకానికి పెట్టిన పీతని, స్క్విడ్‌ని 'హై'తో లెక్కపెడతారు. చేపకి కూడా అమ్మకంలో వేరే లెక్క ఉంది, 'బి' అని, తోక అని దానర్థం. మొదట్లో నిన్, హికి, తో, వ ఈ నాలుగూ వస్తే చాలు.

ఎవరు, ఏమిటి, రవి వాళ్ళు

ఎవరు అంటే దరె, ఏమిటి అంటే నని. ఇక్కడ గీత మనకీ వాళ్ళకీ ఒకే చోట ఉంది, మనుషులకి ఒకటి, మిగతావాటికి ఒకటి. కుక్క ఇమస్ అయినా సరే ప్రశ్న వేసేటప్పుడు 'నని గ ఇమస్ క' అంటారు, దరె అనరు. గుమ్మం బయట చప్పుడైతే దరె అని అడిగితే మనిషి అనుకుంటున్నారు అని, నని అని అడిగితే పిల్లో కుక్కో అనుకుంటున్నారు అని. ఒకే భాషలో ఇరు–అరు గీత ఒక చోట, దరె–నని గీత ఇంకో చోట ఉన్నాయి చూడండి, నేను పైన చెప్పిన వరస ఇదే.

జపనీస్‌లో మామూలుగా బహువచనం ఉండదు, పుస్తకం ఒకటైనా పదైనా హొన్. మనుషులకి మాత్రం 'తచి' తగిలించొచ్చు, కొదొమొతచి అంటే పిల్లలు, జంతువులకీ ముద్దుగా వాడతారు, పుస్తకాలకి వాడరు. ఇక పేరుకి తగిలిస్తే మన తెలుగే వినిపిస్తుంది, రవితచి అంటే పదిమంది రవులు కాదు, రవి వాళ్ళు. 'రవి వాళ్ళు వచ్చారు' అని మనం ఎలా అంటామో అలాగే. ఇంగ్లీష్‌లో దీన్ని చెప్పాలంటే రవి అండ్ హిజ్ ఫ్రెండ్స్ అనో ఫ్యామిలీ అనో సాగదీయాలి.

పరిచయం చేసేటప్పుడు ఇంగ్లీష్ పద్ధతి తీసుకెళ్ళి జపనీస్‌లో పెట్టకండి. ఇంగ్లీష్‌లో 'దిస్ ఈజ్ మై బాస్' అంటే ఏం తప్పు లేదు, దిస్ అనేది మనిషికీ కుర్చీకీ ఒకటే. మనం 'ఇది మా బాస్' అనం, 'ఈయన మా బాస్' అంటాం. జపనీస్ కూడా మనలాగే, వస్తువులకి వాడే కొరె అనకుండా 'కొచిర వ తనకసన్ దెస్' అనాలి. ఆయన, ఆమె అని చెప్పడానికి పుస్తకాల్లో కరె, కనొజొ అని ఉంటాయి, ఇవి 1868–1912 మధ్య మెయిజీ కాలంలో యూరప్ పుస్తకాల అనువాదాలతో ఆ వాడుకలోకి స్థిరపడ్డ మాటలు, బాయ్‌ఫ్రెండ్, గర్ల్‌ఫ్రెండ్ అనే అర్థం కూడా ఉంది వీటికి, కాబట్టి పై ఆఫీసర్‌ని కరె అనొద్దు. పేరు పక్కన సన్ పెట్టి అనండి, లేకపోతే అసలు ఏమీ అనకుండా వదిలేయండి, తెలుగులో మనం 'వచ్చారా?' అని ఎవరో చెప్పకుండానే అడిగేస్తాం కదా, అదే పద్ధతి.

ఇంగ్లీష్: పరిచయం ఉందా లేదా

ఇంగ్లీష్‌లో ఉంది, ఉన్నాడు అనే తేడా లేదు, దేర్ ఈజ్ ఎ మ్యాన్, దేర్ ఈజ్ ఎ ట్రీ. తేడా అంతా హీ, షీ, ఇట్ దగ్గరా, హూ, విచ్ దగ్గరా ఉంటుంది. పాత ఇంగ్లీష్‌లో మన సంస్కృతంలా ప్రతి నామానికీ లింగం ఉండేది, రాయి పుంలింగం, భార్య అనే అర్థం వచ్చే విఫ్ అన్న మాట నపుంసకం, అదంతా మధ్యయుగాల్లో రాలిపోయింది. రాలిపోయాక మిగిలింది మాట్లాడేవాడి దృష్టి. 

అందుకే పక్కింటి కుక్క మీ మీద అరిస్తే 'ఇట్ బార్క్డ్ ఎట్ మీ', మీరు పెంచుకునే కుక్క అయితే 'హీ ఈజ్ హంగ్రీ'. కుక్కలో తేడా లేదు, పరిచయంలో ఉంది. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళ స్టైల్ రూల్ కూడా దాదాపు ఇదే చెప్తుంది, జంతువుకి పేరున్నా, ఆడో మగో తెలిసినా హీ, షీ వాడొచ్చు, లేకపోతే ఇట్. హూ కూడా అలాగే, 'ద కౌ విచ్ బ్రోక్ ద ఫెన్స్' అనేది ఎవరిదో ఆవు, 'గౌరి, హూ గివ్స్ అజ్ మిల్క్ ఎవ్రీ మార్నింగ్' అనేది మన ఆవు. ఏది వాడాలో తేలకపోతే దట్ వాడండి, చాలా చోట్ల మనిషికీ జంతువుకీ వస్తువుకీ నడుస్తుంది, కామా తర్వాత మాత్రం కుదరదు. మనిషికి విచ్ అస్సలు వాడకండి, 'ద డాక్టర్ విచ్ ట్రీటెడ్ మీ' అని మనవాళ్ళు చాలామంది రాస్తారు, అది ఇప్పటి ఇంగ్లీష్‌లో తప్పు. ఇప్పటి అని ఎందుకన్నానంటే 1611 నాటి ఇంగ్లీష్ బైబిల్లో ప్రభువు ప్రార్థన 'అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్' అనే ఉంటుంది, అప్పట్లో మనుషులకే కాదు దేవుడికి కూడా విచ్ చెల్లేది. హూజ్ మాత్రం వస్తువులకి కూడా భేషుగ్గా వాడొచ్చు, 'ఎ హౌస్ హూజ్ రూఫ్ ఈజ్ గాన్'.

ఇట్ అనే మాట మనిషికి వాడితే పెద్ద అవమానం. తెలుగులో 'అది' అని చెల్లెల్నీ కూతుర్నీ చనువుగా అంటాం, 'అది ఇంకా కాలేజీ నుంచి రాలేదు' అని అమ్మ అంటే అందులో ప్రేమే ఉంది. ఆ 'అది'ని ఇట్ చేసి ఇంగ్లీష్‌లోకి తీసుకెళ్ళారంటే ఆ ప్రేమ అంతా పోతుంది, షీ అనే అనాలి. రెండు చోట్ల మాత్రం మనుషులకి కూడా ఇట్ కరెక్టే. ఒకటి, ఆడో మగో తెలియని పసిపిల్లలు, పుట్టగానే 'ఇట్స్ ఎ గర్ల్' అంటారు, కానీ తల్లి ఎదురుగా ఉన్నప్పుడు ఆ పాపని ఇట్ అనకండి, హీనా షీనా అని అడిగి తెలుసుకోండి. రెండోది, ఎవరో తెలియనప్పుడు, తలుపు కొడితే 'హూ ఈజ్ ఇట్?', 'ఇట్స్ మై బ్రదర్'. ఎవరో తెలిసిపోయాక మళ్ళీ హీ. గుంపులో ఎవరో గొడుగు వదిలేసి వెళ్తే 'సంబడీ హాజ్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా' అంటారు, ఒక్కరికే దెయిర్ ఏంటి అనుకోవద్దు, 'ఎవరో గొడుగు మర్చిపోయారు' అని మనం కూడా ఒక్కరికే 'రు' పెడతాం. ఈ ఏకవచన దే వాడుక వందల ఏళ్ళ నాటిది, 2019లో మెరియం వెబ్‌స్టర్ డిక్షనరీ వాళ్ళు దే అన్న మాటనే ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు.

వస్తువుల్లో ఓడలది ప్రత్యేకమైన కథ. నావికులు తరతరాలుగా ఓడని షీ అనేవాళ్ళు. లండన్‌లో 1734 నుంచి నడుస్తున్న ఓడల పత్రిక లాయిడ్స్ లిస్ట్ 2002లో ఇకనుంచి ఓడని ఇట్ అనే రాస్తాం అని తేల్చేసింది. ఇప్పటికీ షీ అనేవాళ్ళు ఉన్నారు, అది ఆప్యాయత, తప్పేం కాదు, కానీ మీరు రాసే రిపోర్టులో ఇట్ రాయండి. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య తిరిగే పంటు పడవ గురించి ఇంగ్లీష్‌లో రాస్తే ఇట్ చాలు.

పేరు ఉంటే హీ, షీ అని చెప్పాను గానీ తుఫాన్లు దీనికి లొంగవు. అమెరికా వాళ్ళు 1953 నుంచి తుఫాన్లకి ఆడవాళ్ళ పేర్లు పెట్టారు, అట్లాంటిక్ తుఫాన్లకి 1979 నుంచి మగ పేర్లు కూడా కలిపారు, అయినా వార్తల్లో తుఫాను ఇట్టే. 2018 డిసెంబర్‌లో కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ కూడా ఇట్టే. పేరు గుర్తుపట్టడానికి పెట్టారు, పిలవడానికి కాదు.

స్వంతం చెప్పడం త్వరగా చూసేద్దాం. మనిషికి అపాస్ట్రఫీ ఎస్, రవీస్ లెగ్. వస్తువుకి ఆఫ్ గానీ పక్కపక్కన పెట్టడం గానీ, ద లెగ్ ఆఫ్ ద టేబుల్, టేబుల్ లెగ్. ఊళ్ళు, దేశాలు, కంపెనీలు, రోజులు ఎటైనా వెళ్తాయి, టుడేస్ పేపర్, ఆంధ్రాస్ కోస్ట్.

వస్తువు పని చేస్తుందా

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే, పుస్తకాల్లో దీనికి ఒక పేజీ కూడా ఇవ్వరు. ఇంగ్లీష్‌లో వస్తువులు కూడా కర్తలుగా కూర్చుని పనులు చేసేస్తాయి. రోడ్డు మనల్ని తీసుకెళ్తుంది, మందు మనకి నయం చేస్తుంది, వార్త మనల్ని ఏడిపిస్తుంది. 'దిస్ రోడ్ టేక్స్ యూ టు అమలాపురం'. మన ఊళ్ళో ఎవరన్నా దారి చెప్తే అలా చెప్తారా? 'ఈ రోడ్డునే వెళ్ళండి, అమలాపురం వచ్చేస్తుంది' అంటారు. జపనీస్ కూడా మన వైపే ఉంది, 'కొనొ మిచి ఓ ఇకు తొ, అమలాపురం ని దెమస్', ఈ దారిలో వెళ్తే అమలాపురంలో తేలతారు అని. ఇందులో వెళ్ళేది మనిషి, రోడ్డు కాదు.

ఇంగ్లీష్‌లో 'ద సైక్లోన్ నాక్డ్ డౌన్ ద ట్రీ', మనం 'తుఫానుకి చెట్టు పడిపోయింది' అంటాం, జపనీస్‌లో 'తైఫూ దె కి గ తఒరెమషిత'. మన 'కి' ఎక్కడుందో అక్కడ వాళ్ళ 'దె' ఉంది, మాటకి మాట కుదిరింది. 'దిస్ మెడిసిన్ విల్ మేక్ యూ బెటర్', మనకి 'ఈ మందు వేసుకుంటే తగ్గుతుంది', వాళ్ళకి 'కొనొ కుసురి ఓ నొమెబ యొకు నరిమస్'. కాబట్టి జపనీస్ రాసేటప్పుడు ముందు ఇంగ్లీష్ వాక్యం అనుకుని మార్చకండి, తెలుగు వాక్యం అనుకుని మార్చండి, సగం పని అయిపోతుంది. ఇంగ్లీష్ రాసేటప్పుడు మాత్రం దీనికి తిరగేసి చేయాలి, 'బికాజ్ ఆఫ్ ద సైక్లోన్ ద ట్రీ ఫెల్' అనేది తప్పు కాదు గానీ, తుఫానుని తీసుకొచ్చి కర్తగా కూర్చోబెడితే వాక్యం ఇంగ్లీష్ వాళ్ళు రాసినట్టు ఉంటుంది.

చివరిగా దెబ్బ తగిలినప్పుడు ఎవరు ముందుంటారో చూడాలి. పర్సు పోయింది అనుకోండి. ఇంగ్లీష్‌లో 'మై వాలెట్ వాజ్ స్టోలెన్', పర్సే కర్త. జపనీస్‌లో 'వతషి వ సైఫు ఓ తొరరెమషిత', నేను పర్సు తీయించుకున్నాను అన్నట్టు, బాధ పడిన మనిషే కర్తగా ముందు ఉంటాడు, పర్సు వెనక్కి వెళ్తుంది. కుక్క కరిస్తే 'ఇను ని కమరెమషిత', ఇక్కడ కూడా కరిపించుకున్న నేనే కర్త. వాన కురిసి తడిసిపోతే 'అమె ని ఫురరెమషిత', వాన చేత కురిపించుకున్నాను అన్నట్టు. ఇంగ్లీష్‌లో కురవడం అనే క్రియని అంత తేలిగ్గా ఇలా తిప్పలేరు. మనకి ఇలాంటి క్రియ రూపం లేదు గానీ 'నన్ను కుక్క కరిచింది' అని 'నన్ను'ని లాక్కొచ్చి ముందు పెడతాం, మనిషిని ముందు పెట్టాలన్న తపన ఒకటే. ప్రాక్టీస్‌కి ఇలా చేయండి, ఇవాళ మీకు జరిగిన చిన్న చిన్న ఇబ్బందులు, కరెంటు పోవడం, బస్సు మిస్సవడం, దోమ కుట్టడం, ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని, ప్రతి వాక్యంలో బాధ ఎవరిదో గీత గీయండి, ఇంగ్లీష్‌లో కారణమైన వస్తువుతో మొదలుపెట్టి ఒకసారి రాయండి, జపనీస్‌లో బాధపడ్డ మనిషితో మొదలుపెట్టి ఒకసారి రాయండి. దోమతో మొదలుపెట్టడం తేలిక, 'క ని ససరెమషిత'.